పేలాలు ఎవరు పోయాలి

మా దీపు ఆడపిల్ల కాదట. పోనీ మగపిల్లాడా అంటే అదీ కాదట. ఏదో ఒకటి చెప్పవే తల్లీ, అదే పట్టుకుని ఏడుస్తాను అంటే, ఇందులో ఏడవడానికి ఏముంది మమ్మీ అంటుంది. ఈ ఒక్క మాట మీద జూలై నుంచి నా ఇల్లు ఇల్లులా లేదు, నా బుర్ర బుర్రలా లేదు. ఎవరితోనైనా చెప్పుకుందామంటే మొదటి ముక్కకే నన్ను జాలిగా చూడటం మొదలుపెడతారు. నాకు జాలి అక్కర్లేదు. కాస్త అర్థమయ్యేలా చెప్పే మనిషి కావాలి.

నా పేరు అన్నపూర్ణేశ్వరి. పుట్టింది నరసరావుపేట, కాపరం ఢిల్లీ ఆర్.కె. పురం. మా ఆయన చెన్నకేశవులు గారు కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. ఫైల్లో ఏ కాగితం ఎక్కడుందో ఆయనకు నిద్రలో అడిగినా తెలుసు, ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో ఇప్పటికీ తెలియదు. మాకు ఇద్దరు పిల్లలు. పెద్దది ఉష, గుర్గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండోది దీపు. ఎమ్మే చదివి, మ్యాపులు గీసే ఒక చిన్న ఆఫీసులో పని చేస్తూ, బేర్ సరాయ్‌లో అగ్గిపెట్టెంత గది తీసుకుని ఉంటుంది. మా ఇంటి నుంచి ఆటో ఎక్కితే పది నిమిషాల దూరం. కన్నవాళ్ళ ఇల్లు ఇంత దగ్గర పెట్టుకుని వేరే గది దేనికే అంటే, "అక్కడ నన్నెవరూ ఏమీ అనరు మమ్మీ" అంది. పెందలాడే లేవమని నేను సాధించడం గురించి అంటోందనుకున్నాను.

ఆ జూలై ఆదివారం ముద్దపప్పు, గోంగూర పచ్చడి చేశాను. దీపుకి ప్రాణం. ఆ వారమే కోర్టు తీర్పు ఒకటి వచ్చింది. మగవాళ్ళు మగవాళ్ళని, ఆడవాళ్ళు ఆడవాళ్ళని ఇష్టపడితే నేరం కాదని. పేపర్ల నిండా అదే గొడవ. మా ఆయన పేపరు మడిచి పక్కన పడేసి "కలికాలం" అన్నారు. దీపు కంచంలో వేళ్ళు పెట్టి కదల్చకుండా కూర్చుంది.

"మీకొకటి చెప్పాలి. చాలా రోజుల నుంచి చెప్దామనుకుంటున్నా" అంది.

మా ఆయన ముఖం పాలిపోయింది. "నువ్వు కూడా ఈ పేపర్లో వాళ్ళ బాపతా?" అన్నారు.

"కాదు డాడీ. అది ఎవర్ని ఇష్టపడతారన్న సంగతి. ఇది నేనెవరన్న సంగతి. నేను ఆడపిల్లనని నాకు అనిపించదు. మగవాణ్ణనీ అనిపించదు. రెండూ కాదు. ఇంగ్లీషులో ఎజెండర్ అంటారు. నెట్‌లో చూశా, నాలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు."

"నెట్‌లో దయ్యాలు కూడా ఉన్నాయి" అన్నాను నేను. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"ఏమీ వద్దు. మీకు తెలిసి ఉండాలని చెప్పా. బస్."

బస్ అట, అంతేనట! అన్నం దగ్గర కూర్చోబెట్టి ఇంట్లో బాంబు పడేసి, బస్ అని పప్పు కలుపుకుంది. నాకు ఆ పూట గోంగూర కూడా చప్పగా ఉంది.

అక్కడి నుంచి మొదలయ్యాయి నా తిప్పలు. ఇది ఒంటికి సంబంధించిన జబ్బని మా ఆయన తీర్మానించి, డిస్పెన్సరీలో లేడీ డాక్టరు దగ్గరికి పంపారు. ఆవిడ అన్ని పరీక్షలూ రాసి, అన్నీ చూసి, మీ అమ్మాయి దుక్కలా ఉందమ్మా అని కాల్షియం మాత్రలిచ్చింది. కింది క్వార్టరు భానుమతి, మా గుంటూరు జిల్లా మనిషే, "ఎవడో మోసం చేసుంటాడు వదినా, నెమ్మదిగా అడుగు" అంది. నెమ్మదిగా అడిగాను. "నన్నెవడూ మోసం చెయ్యలేదు మమ్మీ, డాక్టరు మాత్రం అరపూట తినేసింది" అంది. పెళ్ళి తప్పించుకోవడానికి నాటకమేమోనని నాకు అనుమానం. అదీ అడిగాను. పెళ్ళి సంగతి వేరే, ఈ సంగతి వేరే అంది. దీనికి ప్రతిదీ వేరేనే!

పోనీ సర్దుకుపోదామని చూశాను. ఫోన్లో "ఏమే" అంటే, అట్లా అనొద్దు మమ్మీ అంది. సరేనని మర్నాడు "ఏరా" అన్నాను. అదీ వద్దంది. మరేమని చావను? "పేరుంది కదా, మీరే పెట్టారు కదా, దీపూ అను చాలు." ఆ పేరుతో పిలిస్తే నాకు పక్కింటివాళ్ళ పిల్లను పిలిచినట్టుంటుంది. కన్నతల్లి నోట్లో "ఏమే" లేకపోతే ఇంకేముంటుంది చెప్పండి. రోజుకు పదిసార్లు నోరు జారడం, పదిసార్లు నాలుక కరుచుకోవడం.

సెప్టెంబరులో దసరా అష్టమి వచ్చింది. మా పై ఇంటి భాటియా ఆంటీ ఏటా ఆ రోజున కంజక్ చేస్తుంది. ఢిల్లీలో పంజాబీల ఇళ్ళల్లో మామూలే. కాలనీలో చిన్న ఆడపిల్లల్ని పిలిచి, కాళ్ళు కడిగి, నెత్తిన ఎర్ర చున్నీ వేసి, అమ్మవారి రూపాలని పూరీ, శనగలు, హల్వా పెడతారు. వాళ్ళ పక్కన ఒక్క మగపిల్లాణ్ణి కూర్చోబెట్టి లంగూర్ అంటారు. అమ్మవారి వెంట ఉండే కోతి అన్నమాట. ఆ సాయంత్రం ఆవిడ హల్వా పట్టుకొచ్చి, "మీ దీపు చేసింది గుర్తుందా మద్రాసీ బహన్‌జీ" అని పకపకా నవ్వింది.

గుర్తు లేకేం. దీపుకి ఏడేళ్ళు. చున్నీ వెయ్యబోతే చేతులు వెనక్కి పెట్టుకుని బిగుసుకుపోయింది. భాటియా ఆంటీ నవ్వి, సరే అయితే నువ్వే మా లంగూర్‌వి అని మగపిల్లాడి చోట కూర్చోబెట్టింది. అక్కడా ఉండలేదు, లేచింది. తన విస్తరాకు తను తీసుకుని, మెట్ల మీద కూర్చుని, పూరీలు మొత్తం తినేసింది. నేను సిగ్గుతో చచ్చి, చెవి పట్టుకుని లాగబోతే భాటియా ఆంటీ అడ్డుకుంది. ఇప్పుడది తలుచుకుంటే నవ్వు రాలేదు సరికదా, ఒళ్ళు మండింది. అప్పట్నుంచే ఉందా ఈ తలనొప్పి అనుకున్నాను.

ఈలోగా ఉషకు సంబంధం కుదిరింది. అబ్బాయి పృథ్వీరాజ్, నోయిడాలో ఉద్యోగం. విజయవాడ వాళ్ళు. తల్లి జానకమ్మగారు పద్ధతుల మనిషి. శుభలేఖ నాలుగు మూలలా పసుపు రాస్తే, ఒక మూల సరిగ్గా అంటలేదని మళ్ళీ రాయించిన మనిషి. ముహూర్తం నవంబరులో, పెళ్ళి మా సెక్టారు ఫంక్షన్ హాలు సమాజ్ సదన్‌లో. పనులు మాట్లాడటానికి శాస్త్రిగారు వచ్చి, సామాన్లన్నీ చెప్పి, ఆఖర్న "లాజహోమానికి పెళ్ళికూతురి సోదరుడు కావాలమ్మా. ఎవరున్నారు?" అన్నారు.

అగ్నిహోత్రం ముందు పెళ్ళికూతురు దోసిలి పడితే, ఆమె అన్నో తమ్ముడో అందులో పేలాలు పోస్తాడు. ఆమె వాటిని హోమంలో వేస్తుంది. పుట్టిల్లు నీ వెనకాల ఉందమ్మా అని చెప్పడం అది. మాకు కొడుకుల్లేరు. గుంటూరు నుంచి మా మరిది కొడుకు మల్లికార్జున వస్తాడన్నారు మా ఆయన.

"వాడు నన్ను రోడ్డు మీద చూస్తే గుర్తుపట్టడు" అంది ఉష. "నా చేతుల్లో దీపు పొయ్యాలి. నాకు తోడబుట్టింది అదొక్కటే."

"సోదరుడమ్మా, సోదరుడు" అన్నారు శాస్త్రిగారు ఓపిగ్గా.

ఆ రోజు కూర తాలింపు వేస్తుంటే నా బుర్రలో దీపం వెలిగింది. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మా వరస! దీపు ఆడపిల్ల కాదంటోంది. మాకేమో పేలాలు పొయ్యడానికి కొడుకు లేడు. దేవుడు రెండు చిక్కుల్నీ ఒకే ముడితో విప్పుతుంటే చూసుకోరేం? నేనూ ఒప్పుకున్నట్టుంటుంది, దీపు మనసూ నిండుతుంది, ఉష కోరికా తీరుతుంది. ఆ ధైర్యం కూడగట్టుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. మూడో రోజు నేనే జానకమ్మగారికి ఫోన్ చేశాను.

"వదినగారూ, మా రెండోది మాకు మగపిల్లాడి కింద లెక్కే. తమ్ముడి స్థానంలో అదే పోస్తుంది" అన్నాను.

"మీ ఇంటి ఆచారం అదయితే మేం కాదనేదేముందిలెండి" అన్నారావిడ. ఆ గొంతులో వెటకారం నాకు తెలియకపోలేదు. మింగాను. బిడ్డ కోసం అంత మింగలేనా? కరోల్ బాగ్ వెళ్ళి జరీ అంచు పంచె, కండువా కొన్నాను.

పసుపు దంచే రోజు కాలనీలో తెలుగు ఆడవాళ్ళంతా మా ఇంట్లోనే. రోలుకు మామిడాకులు కట్టి, రోకలికి దారం చుట్టి, భానుమతి పాట ఎత్తుకుంది. దీపు గళ్ళ చొక్కా, భుజాన సంచీతో వచ్చింది. నేను ఆగలేకపోయాను. అందరి మధ్యలో నిలబెట్టి, ఆ కండువా భుజాన వేసి, పంచె చేతుల్లో పెట్టి, "ఈ రోజు నుంచి మా దీపు మాకు కొడుకు. అక్క పెళ్ళిలో తమ్ముడై పేలాలు పోస్తాడు" అన్నాను. పోస్తాడు అన్నాను! అంత దూరం వెళ్ళాను. భానుమతి కళ్ళు తుడుచుకుంది. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

నేను దీపు ముఖం చూశాను. ఎంత సంతోషపడుతుందోనని చూశాను. ఆ ముఖంలో సంతోషం లేదు. కోపం కూడా లేదు. బస్సు కోసం గంటసేపు నిలబడితే అది ఆగకుండా వెళ్ళిపోయినప్పుడు మనుషులు ఎట్లా చూస్తారో అట్లా చూసింది.

"కూతుర్ని కానన్నా. కొడుకునని ఎప్పుడన్నా మమ్మీ?" అంది, నాకొక్కదానికే వినపడేలా. కండువా తీసి, పంచె మీద పెట్టి, మడత చెదరకుండా సోఫా చేతి మీద ఉంచి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నలుగురి నోళ్ళలో పడ్డాను, వియ్యపురాలితో మాట పడ్డాను, ఇరవై మంది ఆడవాళ్ళ ముందు కన్నకూతుర్ని కొడుకని ఒప్పుకున్నాను. ఇంకా ఏం చెయ్యాలి? తల తీసి పళ్ళెంలో పెట్టాలా? అందరూ వెళ్ళాక ఉష మీద పడ్డాను.

"నువ్వు కష్టపడ్డావమ్మా, కాదనను" అంది ఉష. "కానీ వేరే నంబరు బస్సు ఎక్కావు."

మూడు రోజులు దీపు నా ఫోన్ ఎత్తలేదు. తర్వాత ఉషకు చేసింది. ముందు రోజు వచ్చి నిన్ను చూసిపోతాను, పెళ్ళికి మాత్రం రాను, నావల్ల కాదు అని చెప్పిందట. ఉష ఏడవలేదు. ఏడిస్తే నయం. "సరే, అట్లాగే కానీ" అని ల్యాప్‌టాప్ తెరుచుకుంది. ఆ సరే వింటే నాకు భయమేసింది. చిన్నప్పటి నుంచి ఒకే రజాయిలో ముడుచుకుని పెరిగిన పిల్లలు. దాని పెళ్ళికి ఇది రాకపోతే, ఆ లోటు వాళ్ళ మధ్య బతికినన్నాళ్ళూ ఉంటుంది. నేను చెప్పులేసుకుని ఆటో ఎక్కాను.

వచ్చే ఏడాది ఏవో ఆటల పోటీలట, ఢిల్లీ అంతా తవ్వి పోశారు. ఆటోవాడు నన్ను బేర్ సరాయ్ మొదట్లోనే దింపేశాడు. సందుల్లో పుస్తకాల కొట్లు, మెస్సుల నుంచి రాజ్మా వాసన, పైన కరెంటు తీగల చిక్కుముడులు. మూడంతస్తులు ఎక్కేసరికి నా మోకాళ్ళు నన్ను తిట్టాయి. దీపు తలుపు తీసింది. కుర్చీ మీద బట్టలు తీసి కూర్చోమంది. టీ పెట్టింది.

"నేనేం తప్పు చేశానే?" అన్నాను. "ఆడపిల్లవి కాదన్నావు. సరే, మగపిల్లాడివే అన్నాను. అదీ కాదంటావు. మరి ఏందే నువ్వు?"

"దీపుని."

"పేరడగలా నేను!"

టీ వడకట్టింది. తర్వాత అడిగింది. "భాటియా ఆంటీ నిన్నేమని పిలుస్తుంది మమ్మీ?"

"మద్రాసీ అంటుంది. ఇన్నేళ్ళ నుంచి నెత్తీనోరూ కొట్టుకుంటున్నా, మాది మద్రాసు కాదు మహాతల్లీ, ఆంధ్రా అని. అచ్ఛా అంటుంది, మర్నాడు మళ్ళీ మద్రాసీ."

"అప్పుడు నీకెట్లా ఉంటుంది?"

"ఒళ్ళు మండుద్ది."

"మద్రాసు చెడ్డ ఊరా?"

"చెడ్డదెందుకయిద్ది? మంచి ఊరే. నాది కాదు, అంతే."

"అంతే కదా. ఆడపిల్ల అంటే తక్కువని కాదు మమ్మీ. మంచిదే. నాది కాదు. నేను మద్రాసీ కాదని చెప్తే, అచ్ఛా, అయితే బెంగాలీవా అని నువ్వు నాకు బెంగాలీ పంచె కట్టబోయావు."

నాకు నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది. అంత తేలిగ్గా వదులుతానా? "నాకు ఆంధ్రా ఉంది చెప్పుకోడానికి. నీకేముంది?" అన్నాను.

దీపు ఆలోచించింది. ఎదురు సమాధానం కోసం కాదు, నిజంగానే ఆలోచించింది. "నాకేమీ లేదు. నీకు ఊరున్న చోట నాకు ఖాళీ ఉంది. నాకది లోటుగా లేదు మమ్మీ, హాయిగానే ఉంది. వచ్చేపోయేవాళ్ళే ఆ ఖాళీ చూసి కంగారుపడి, ఏదో ఒక సామాను తెచ్చి పడేస్తారు. అది మొయ్యలేక చస్తున్నా." టీ నాకందించి, "నువ్వు ఆడదానివని నీకు లోపల తెలుస్తుందా? ఎవరూ చూడనప్పుడు కూడా?" అంది.

ఇదేం ప్రశ్న అని కసరబోయాను. కానీ నేనూ ఆలోచించాను. కొత్త పట్టుచీర మడత విప్పినప్పుడు, వీళ్ళిద్దరూ కడుపులో తిరిగినప్పుడు, ఊరికే అద్దం ముందు బొట్టు దిద్దుకున్నప్పుడు. ఉంది. కూరలో ఉప్పులా ఉంది. వేరుగా తీసి చూపించమంటే చూపించలేను గానీ, లేకపోతే తెలుస్తుంది. ఆ మాటే చెప్పాను.

"నేనూ చాలా ఏళ్ళు వెతికా" అంది దీపు. "ఉందేమో, నాకే కనపడట్లేదేమో అని. నాలో లేదు మమ్మీ."

ఫ్రిజ్‌లో పాలు లేవని చెప్పినంత మామూలుగా చెప్పింది. కళ్ళు మాత్రం నిండి ఉన్నాయి. ఇది ఈ ఊళ్ళో, ఈ దేశంలో ఎట్లా బతుకుతుంది? బస్సులో ఏ సీట్లో కూర్చుంటుంది? నేను పోయాక దీన్ని ఎవరు చూస్తారు?

"నాకు భయంగా ఉందే" అన్నాను.

"నాకూ ఉంది" అంది.

ఇద్దరం టీ తాగాం. పంచదార ఎక్కువేసింది, ఎప్పుడూ అంతే.

"పెళ్ళికి వస్తా" అంది చివరికి. "ఉష కోసం వస్తా. కానీ నన్ను మధ్యలో నిలబెట్టి ఇది కూతురు, ఇది కొడుకు, ఇది ఇంకోటి అని ఎవరికీ చెప్పొద్దు. డాడీ చెప్పొద్దు, నువ్వు అసలే చెప్పొద్దు. చెప్తే వెళ్ళిపోతా."

"చెప్పను" అన్నాను. "మరి పేలాలో?"

"మల్లికార్జున పోస్తాడులే. గొడవెందుకు."

పెళ్ళి రోజు దీపు గోధుమ రంగు ఖద్దరు కుర్తా, పైజమా వేసుకుని వచ్చింది. ఇంత మంది పట్టుబట్టల్లో మెరుస్తుంటే ఇదేం వేషం, ఎలక్షన్లో నిలబడుతోందా అని నోటి దాకా వచ్చింది. మాటిచ్చాను కదా, మింగాను. ఆ రోజు మింగుడుతోనే నా కడుపు నిండింది. ఉష తయారయ్యే గదిలోకి వెళ్ళి దీపు తలుపేసుకుంది. లోపల్నుంచి ఇద్దరి నవ్వులూ వినపడ్డాయి. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వులు విని.

జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు అన్నీ సవ్యంగా జరిగాయి. హోమగుండం వెలిగించి శాస్త్రిగారు పిలిచారు. "పెళ్ళికూతురి సోదరుడు రావాలి."

మల్లికార్జున కండువా సర్దుకుంటూ లేచాడు. మా ఆయన హోమగుండం వంక చూస్తూ కూర్చున్నారు. ఉష దోసిలి పట్టి తలెత్తింది. అది చూసింది నన్ను కాదు, మల్లికార్జునని కాదు. వీడియోవాడి వెనకాల స్తంభం పక్కన నిలబడ్డ దీపుని. దీపు తల అడ్డంగా ఊపింది. పర్లేదులే, కానివ్వు అన్నట్టు.

ఆ పర్లేదులే చూసి నేను ఆగలేకపోయాను. నేను వేసిన కండువాని విసిరి కొట్టకుండా మడత పెట్టి వెళ్ళిన పిల్ల అది. తన తోడబుట్టిన దాని చేతుల్లోకి వేరే ఎవరో పేలాలు పోస్తుంటే, గొడవెందుకని స్తంభం చాటున నిలబడింది. ఇట్లా ఎన్ని వదులుకుని ఉంటుంది, మాకు తెలియకుండా?

"మల్లికార్జునా, కూర్చో నాయనా" అన్నాను. "దీపూ, రా."

జానకమ్మగారు తాంబూలం పళ్ళెం కింద పెట్టారు. "అదేంటి వదినగారూ? ఫోన్లో తమ్ముడన్నారు. చూస్తే ఈ అమ్మాయే. ఇంతకీ అమ్మాయా, అబ్బాయా? ఇంతమందిలో ఏదో ఒకటి తేల్చి చెప్పండి, మాకూ తెలుస్తుంది."

నా నాలుక చివర ఎన్ని సమాధానాలున్నాయో ఆ అగ్నిహోత్రుడికే తెలుసు. ఏది చెప్పినా మాట తప్పినట్టే. కూతురన్నా తప్పే, కొడుకన్నా తప్పే, రెండూ కాదన్నా తప్పే. దీపు అడుగు వెనక్కి వెయ్యడం చూశాను. ఇంకొక్క మాట తప్పుగా పడితే ఆ పిల్ల గేటు దాటుతుంది, మళ్ళీ మా గడప తొక్కదు.

"వదినగారూ, పేలాలు పొయ్యడానికి రెండు చేతులు కావాలి. మా దీపుకి ఉన్నాయి" అన్నాను. "ఆ చేతులు పట్టుకుని నడక నేర్పింది మా ఉషే. అంతకు మించి ఏమన్నా కావాలంటే శాస్త్రిగార్ని అడగండి."

శాస్త్రిగారికి పొగ కళ్ళలోకి వస్తోంది. పక్క సెక్టారులో ఇంకో పెళ్ళి ఉందాయనకు. "శాస్త్రం తర్వాత మాట్లాడుకుందాం తల్లీ, ఇక్కడ అగ్ని చల్లారుతోంది. ఎవరో ఒకరు తొందరగా రండి!" అని విసుక్కున్నారు.

మా ఆయన పీట మీద పక్కకు జరిగి, పేలాల పళ్ళెం ఎత్తి పట్టుకుని, దీపు వంక చూశారు. దీపు వచ్చింది. చెప్పులు విడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, ఉష దోసిట్లో పోసింది. కొన్ని పేలాలు ఉష చీర మీద పడ్డాయి. "సరిగ్గా పొయ్యి, గాడిదా" అంది ఉష, ఏడుస్తూ నవ్వుతూ. రెండోసారి, మూడోసారి ఒక్క గింజ కింద పడలేదు. హోమంలో పేలాలు చిటపటమన్నాయి.

అంతా సుఖాంతమని అనుకోకండి. జానకమ్మగారు ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. పాయసం ముట్టుకోలేదు. మా కాలనీలో పది రోజులకు సరిపడా కబురు దొరికింది. మల్లికార్జున అంత దూరం నుంచి వచ్చి ఊరికే నిలబడ్డానని మా తోడికోడలికి ఫోన్ చేసి చెప్పుకున్నాడు. ఆ అలకలన్నీ తీర్చాల్సింది నేనే, ఇంకెవరున్నారు?

భోజనాల వేళకు దీపు కనపడలేదు. వెతుక్కుంటూ బయటికొస్తే, సమాజ్ సదన్ మెట్ల మీద కూర్చుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని పూరీలు తింటోంది. ఏడేళ్ళప్పుడు ఎట్లా కూర్చుందో అట్లాగే. ఎవరి మీదా కోపం లేకుండా, ఆకలేసిన పిల్లలా తింటోంది. నేను లోపలికి పోయి నా పళ్ళెం తెచ్చుకుని, మోకాళ్ళను తిట్టుకుంటూ ఆ మెట్టు మీదే కూలబడ్డాను.

భాటియా ఆంటీ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "వాహ్ బహన్‌జీ, మద్రాసీ ఖానా కమాల్ కా హై!" అంది.

నా నోటి నిండా పూరీ ఉంది. నేను మింగేలోపే దీపు అందుకుంది. "మద్రాసీ నహీ ఆంటీ, ఆంధ్రా."

"అచ్ఛా బేటీ, ఆంధ్రా" అని ఆవిడ దీపు తల నిమిరింది.

"బేటీ నహీ బహన్‌జీ" అన్నాను నేను, ఇంకా నములుతూనే. "దీపు. సిర్ఫ్ దీపు."

ఆవిడకేం అర్థం కాలేదు. అచ్ఛా అచ్ఛా అంటూ మెట్లు దిగి వెళ్ళిపోయింది. రేపు మళ్ళీ మద్రాసీ అంటుంది, మళ్ళీ బేటీ అంటుంది. మళ్ళీ చెప్పాలి. ఆవిడకు చెప్పాలి, భానుమతికి చెప్పాలి, నా నోటికి నేనే చెప్పుకోవాలి. నాకైనా పూర్తిగా అర్థమయిందా అంటే, లేదు. అర్థమయ్యేదాకా ఆగితే అన్నం చల్లారిపోతుంది.

పక్కకు తిరిగితే దీపు తినడం మానేసి నన్నే చూస్తోంది.

"ఏంది దీపూ ఆ చూపు? పెరుగన్నం కలుపుకో" అన్నాను.